ముందు బ్రిడ్జి దగ్గరికి ఒక్క ఫోన్ కొట్టు

"అన్నా, డిజిటల్ జర్నలిజం నేర్చుకోవాలని ఉంది. ఏ ఫోన్ కొనాలి? మైక్ ఏది బెటర్? ఎడిటింగ్‌కి ఏ యాప్ వాడాలి?"

పోయిన వారం వచ్చిన మెసేజ్ ఇది. పంపింది శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న ఒక అమ్మాయి. చివర్లో ఇంకో లైన్ కూడా రాసింది. "నాన్న 15 వేలు ఇస్తానన్నారు. అంతకంటే కుదరదట."

ఆ చివరి లైన్ దగ్గర కాసేపు ఆగిపోయాను. కొన్ని ఇళ్లలో 15 వేలంటే ఎన్ని రోజుల కూలో నాకు తెలుసు. అందుకే వెంటనే జవాబిచ్చాను. "ఆ డబ్బు ఇప్పుడే ఖర్చు పెట్టకు చెల్లీ. నీ చేతిలో ఉన్న ఫోన్ చాలు."

"పాత ఫోన్ అన్నా. స్క్రీన్ కూడా పగిలింది."

"కెమెరా పగల్లేదు కదా?"

నవ్వుతున్న ఎమోజీ ఒకటి వచ్చింది. కానీ ఆ అమ్మాయికి నా జవాబు నచ్చలేదని అర్థమైంది. ఫోన్ సంగతి అడిగితే వద్దంటాడేంటి అనుకుని ఉంటుంది. ఇలాంటి మెసేజ్‌లు నాకు నెలకి పదైనా వస్తుంటాయి. అన్నిట్లోనూ మొదటి ప్రశ్న ఫోన్ గురించే, రెండోది మైక్ గురించే. వార్త నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి అని మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. నేను కూడా ఒకప్పుడు అడగలేదు. దాని ఫలితం ఏంటో చెప్తాను.

పద్దెనిమిది సెకన్ల వీడియో

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు నేను ఒక చిన్న న్యూస్ సైట్‌లో నైట్ డ్యూటీ చేస్తున్నాను. వానలు దంచి కొడుతున్నాయి. రాత్రి పదకొండు దాటాక వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. నిడివి 18 సెకన్లు. ఎర్రటి నీళ్లు, కూలిపోతున్న వంతెన, వెనక జనం కేకలు. కింద మా పక్క మండలంలోని వాగు పేరు రాసి, "బ్రిడ్జి కొట్టుకుపోయింది, అటు ఎవరూ వెళ్లకండి" అని ఉంది. పది నిమిషాల్లో అదే వీడియో ఇంకో రెండు గ్రూపుల్లోనూ వచ్చింది.

మూడు చోట్ల నుంచి వచ్చింది కాబట్టి నిజమే అనుకున్నాను. ఒకే వీడియోని ముగ్గురు ఫార్వర్డ్ చేస్తే ముగ్గురు సాక్షులు దొరికినట్టు కాదని అప్పటికి నాకు తట్టలేదు. హెడ్డింగ్ పెట్టాను, పబ్లిష్ కొట్టాను. మిగతా సైట్ల కంటే మనమే ముందు అని సంబరపడి టీ తాగడానికి వెళ్లాను.

పొద్దున్నే ఆఫీసు నంబర్‌కి ఫోన్. అవతల ఒక పెద్దాయన.

"బాబూ, రాత్రి ఆ బ్రిడ్జి వార్త రాసింది నువ్వేనా?"

"అవునండీ."

"బ్రిడ్జి మంచిగనే ఉన్నది గద బిడ్డా. రాత్రి మా కోడలికి నొప్పులొచ్చినయ్. నీ వార్త చూసి మా పిల్లలు ఆ తొవ్వ వద్దన్నరు. ఆ వానల 30 కిలోమీటర్లు చుట్టు తిరిగి దవాఖానకు పోయినం."

నాకు నోట మాట రాలేదు. కోడలు ఎలా ఉందని అడగడానికి కూడా ధైర్యం చాల్లేదు. ఆయనే చెప్పారు. "ఆటోలనే అయ్యేదుండె. ఇద్దరూ మంచిగున్నరు. ఆడపిల్ల." కాసేపాగి అన్నారు. "మా ఇల్లు బ్రిడ్జి పక్కనే. మళ్లసారి రాసే ముందట ఒక్క ఫోన్ కొట్టు బిడ్డా. బయటికొచ్చి చూసి చెప్త."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది. తర్వాత ఆ వీడియో ఎక్కడిదని వెతికితే, వేరే రాష్ట్రంలో రెండేళ్ల ముందు తీసింది. అది కనుక్కోవడానికి నాకు పట్టిన టైమ్ నాలుగు నిమిషాలు. ఆ రాత్రి నేను టీ తాగడానికి అంతకంటే ఎక్కువ టైమ్ తీసుకున్నాను.

అందుకే ఈ వారం కాలమ్‌లో పాఠాలు వేరే వరసలో ఉంటాయి. మామూలుగా కోర్సుల్లో ముందు కెమెరా, తర్వాత ఎడిటింగ్, చివర్లో ఫ్యాక్ట్ చెక్ చెప్తారు. మనం తిరగేసి మొదలుపెడదాం.

ఐదు నిమిషాలు ఆగండి

ఒక వీడియో చేతికొచ్చింది. ఏం చేయాలి? ముందు నాలుగైదు చోట్ల పాజ్ చేసి స్క్రీన్‌షాట్లు తీయండి. వాటిని గూగుల్ లెన్స్‌లో వేసి వెతకండి. పాత వీడియో అయితే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది. కంప్యూటర్ ఉంటే ఇన్‌విడ్ అనే ప్లగిన్ ఈ పనంతా తానే చేసి పెడుతుంది. వీడియోని ఫ్రేములుగా విడగొట్టి ఇస్తుంది.

దొరకలేదా? అప్పుడు వీడియోని పోలీసు కళ్లతో చూడండి. షాపు బోర్డుల మీద ఏ భాష ఉంది? వెనక జనం ఏ యాసలో మాట్లాడుతున్నారు? కరెంటు స్తంభాలు, బస్సు రంగు, బడి యూనిఫాం, పొలంలో పంట, అన్నీ సాక్ష్యాలే. నంబర్ ప్లేట్లు చూడండి. తెలంగాణలో కొత్త బండ్లకి 'టీజీ' ఇవ్వడం మొదలైంది 2024 మార్చిలో. అంతకు ముందు 'టీఎస్'. కాబట్టి 2022 వరదల వీడియో అని చెప్పినదాంట్లో టీజీ బండి కనిపిస్తే అక్కడే ఆగాలి. తిరగేసి మాత్రం అనుకోకండి. టీఎస్ బండ్లు ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతున్నాయి కదా.

ఇంత చిన్న ఆనవాళ్లతో ఏమవుతుంది అనుకుంటున్నారేమో. 2018లో ఆఫ్రికా నుంచి ఒక దారుణమైన వీడియో బయటికొచ్చింది. సైనిక దుస్తుల్లో ఉన్నవాళ్లు ఇద్దరు మహిళల్నీ ఇద్దరు పిల్లల్నీ కాల్చి చంపడం అందులో ఉంది. మా దేశానిది కాదు, ఫేక్ అని కామెరూన్ ప్రభుత్వం మొదట కొట్టిపారేసింది. బీబీసీ ఆఫ్రికా ఐ బృందం ఆ వీడియోలో వెనక కనిపించే కొండల గీతను పట్టుకుంది. దాన్ని గూగుల్ ఎర్త్‌లో కొండలతో పోల్చి చూసి, ఊరు కామెరూన్ ఉత్తరాన ఉన్న జెలెవెట్ అని తేల్చింది. మనుషుల నీడల పొడవు, దిశ కొలిచి అది 2015 మార్చి, ఏప్రిల్ మధ్య జరిగిందని లెక్క కట్టింది. ఆ తర్వాత 2020లో సైనికులకు శిక్షలు పడ్డాయి. వాళ్లు వాడినవి చాలావరకు మన ఫోన్‌లో ఫ్రీగా దొరికే మ్యాపులు, ఉపగ్రహ చిత్రాలే. ఓపిక మాత్రం వాళ్లది.

ఇప్పుడు ఏఐ తలనొప్పి కూడా తోడైంది. 2023 నవంబరులో రష్మిక మందన్న లిఫ్టులోకి వస్తున్నట్టు ఒక వీడియో తిరిగింది గుర్తుందా? అది వేరే అమ్మాయి వీడియోకి రష్మిక ముఖం అతికించినది. నెమ్మదిగా ఆపి ఆపి చూస్తే, మొదట్లో లిఫ్టు తలుపు దగ్గర అసలు ముఖం ఒక క్షణం కనిపిస్తుంది. లక్షల మంది చూశారు, ఆపి చూసినవాళ్లు కొందరే. ఇప్పటి డీప్‌ఫేకులు అంత తేలిగ్గా దొరకవు, నిజమే. అప్పుడు ముఖాన్ని వదిలేసి వీడియో మొదట ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని వెనక్కి వెళ్లాలి.

ఇవన్నీ చేశాక కూడా ఒక పని మిగులుతుంది. అక్కడ ఉన్న మనిషికి ఫోన్ చేయడం. ఊళ్లో కిరాణా షాపు, బస్టాండ్ టీ బండి, పంచాయతీ ఆఫీసు, ఎవరో ఒకరు దొరుకుతారు. ఎన్ని యాప్‌లున్నా, "ఇప్పుడే చూసొచ్చాను" అనే మనిషి మాటకి సాటి రాదు. ఆ పెద్దాయన నాకు నేర్పింది అదే.

కెమెరా ఆన్ చేయకముందే

సరే, వార్త నిజమని తేలింది. లేదా మీరే ఒక కథ చెప్పాలనుకుంటున్నారు. ఇప్పుడు షూటింగ్.

మొదటి పని లెన్స్ తుడవడం. నవ్వకండి. జేబులో, హ్యాండ్‌బ్యాగులో తిరిగి తిరిగి ఫోన్ లెన్స్ మీద జిడ్డు పేరుకుంటుంది. "నా ఫోన్ కెమెరా బాలేదు" అని బాధపడేవాళ్లలో సగం మందికి మెత్తటి గుడ్డ ఇస్తే చాలు అనిపిస్తుంది నాకు. రెండోది, ఏరోప్లేన్ మోడ్. లేకపోతే మంచి మాట చెప్తున్నప్పుడే లోన్ ఇస్తామని కాల్ వస్తుంది, రికార్డింగ్ ఆగిపోతుంది. మూడోది, మెమొరీ ఖాళీ ఉందో లేదో చూసుకోవడం. 4కే అవసరం లేదు, 1080 చాలు. నాలుగోది, జూమ్ ముట్టుకోకండి. దగ్గరగా కావాలంటే నాలుగడుగులు నడవండి.

కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటే. రికార్డ్ నొక్కి, ఎటు తోస్తే అటు ఫోన్ తిప్పుతూ పోతారు. ఇంటికొచ్చి చూస్తే పది నిమిషాల వీడియోలో పనికొచ్చే పది సెకన్లు ఉండవు. దీనికి పాత మందు ఉంది. ఐదు షాట్ల పద్ధతి అంటారు. మైకేల్ రోజెన్‌బ్లమ్ అనే అమెరికా వీడియో జర్నలిస్టు శిక్షణల ద్వారా బాగా ప్రచారంలోకి వచ్చింది.

పోచంపల్లిలో ఒక నేతన్న దగ్గరికి వెళ్లారనుకోండి. మొదటి షాట్, నాడె విసురుతున్న చేతులు. రెండోది, ఆయన ముఖం. మూడోది, గుంట మగ్గం, గది, గోడ మీద క్యాలెండర్‌తో సహా మొత్తం దృశ్యం. నాలుగోది, ఆయన భుజం మీదుగా, అంటే ఆయనకి మగ్గం ఎలా కనిపిస్తుందో అలా. ఐదోది, ఎవరూ ఊహించని కోణం. గుంటలో కాళ్లు తొక్కుతున్న చోటు కావచ్చు, పడుగు దారాల మధ్య నుంచి కావచ్చు. ప్రతి షాటూ ఫోన్ కదపకుండా పది సెకన్లు. మనసులో పది లెక్కపెట్టుకోండి. ఈ ఐదూ ఉంటే ఎడిటింగ్‌లో ఏ యాప్ వాడినా కథ నిలబడుతుంది. వీఎన్ అయినా, కైన్‌మాస్టర్ అయినా, కత్తెర పని ఒకటే. ఏది వస్తే అది వాడండి.

నిలువుగా తీయాలా, అడ్డంగా తీయాలా? ఎక్కడ చూపిస్తారో ముందే తేల్చుకోండి. రీల్స్, షార్ట్స్‌కి నిలువు. యూట్యూబ్‌లో పెద్ద స్టోరీకి అడ్డం. సగం అలా, సగం ఇలా తీస్తే తర్వాత ఏడుపే.

పటేల్ షాట్, సంగం షాట్

కెమెరా ఎంత ఎత్తులో పెట్టాలి అనేదాంట్లో ఇంకో సంగతి ఉంది. దాన్ని నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు, జహీరాబాద్ దగ్గరి మహిళల గురించి తెలుసుకున్నప్పుడు.

అక్కడ పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని ఉంది. దాని సంఘాల్లోని దళిత మహిళా రైతులు పాతికేళ్ల కిందటే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. క్లాసులో చెప్పే ఇంగ్లిష్ పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎందుకని, షాట్లకి తమ పేర్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎందుకంటే ఊరి దొర తమని అలాగే చూసేవాడు. కళ్లకి కళ్లు సమానంగా ఉండేది సంగం షాట్. సంఘంలో అందరూ ఒకే ఎత్తులో, చాప మీద కూర్చుంటారు కాబట్టి.

నేనైతే ఇంతకంటే మంచి కెమెరా పాఠం ఎక్కడా వినలేదు. వరద బాధితురాలు నేల మీద కూర్చుని ఉంటే, మనం నిలబడి పైనుంచి ఫోన్ పెడతాం. అది పటేల్ షాట్. మీరూ కూర్చోండి. వీడియో మారిపోతుంది. ఆమె మాట కూడా మారిపోతుంది.

ఆ మహిళలు వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల వెంట సీజన్ తర్వాత సీజన్ తిరిగి సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచనూరులో సంగం రేడియో మొదలుపెట్టారు. 90.4 మీద వాళ్ల ఊళ్ల భాషలోనే, వాళ్ల పంటల గురించే కార్యక్రమాలు. ఇటు ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ దగ్గర 2002లో మొదలైన 'ఖబర్ లహరియా' కూడా ఇలాంటి కథే. పల్లెటూరి మహిళలు నడిపిన పత్రిక అది. తర్వాత ప్రింట్ నుంచి ఫోన్‌కి మారారు. వాళ్ల మీద వచ్చిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. వీళ్లెవరూ ఖరీదైన ఫోన్ కోసం ఆగలేదని మా శ్రీకాకుళం చెల్లికి ప్రత్యేకంగా మనవి.

చెవులు తెరవండి

చూసేవాళ్లు కాస్త మసక వీడియోని క్షమిస్తారు. మాట వినపడకపోతే మాత్రం వెంటనే పైకి తోసేస్తారు. మనం కూడా అంతే కదా.

కాబట్టి ఆ 15 వేలల్లో ముందు ఖర్చు పెట్టాల్సింది కొన్ని వందల్లో దొరికే వైరు కాలర్ మైక్ మీద. ఫోన్ పెట్టడానికి ఒక చిన్న స్టాండ్ కూడా తీసుకో. మిగతా డబ్బు బస్సు చార్జీలకి దాచుకో. రిపోర్టర్‌కి ఫోన్ కంటే బస్ పాస్ ఎక్కువ పనికొస్తుంది.

మైక్ కూడా లేదా? ఫోన్‌ని మాట్లాడే మనిషికి మూరెడు దూరంలో పెట్టండి. ఫ్యాన్, టీవీ ఆపమని అడగండి. రోడ్డు వైపు కిటికీ మూయండి. ఇంటర్వ్యూ అయిపోయాక అందరినీ ముప్పై సెకన్లు మాట్లాడకుండా ఉండమని చెప్పి ఆ గది చప్పుడు విడిగా రికార్డ్ చేసుకోండి. ఎడిటింగ్‌లో రెండు ముక్కలు అతికేటప్పుడు అది కింద పరిస్తే అతుకు వినపడదు. మగ్గం చప్పుడు, వానచుక్కలు రేకుల మీద పడే శబ్దం, బడి గంట, ఇలాంటివీ విడిగా పట్టుకోండి. వాటి పక్కన సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దిగదుడుపే. పైగా కాపీరైట్ గొడవ ఉండదు.

ఫీలింగ్ ఏంటి అని అడగొద్దు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిపోయింది. నీళ్లు తీశాక నేను అటు వెళ్లాను. ఒకావిడ బురద పట్టిన పరుపు వీధిలో ఆరేస్తోంది. అప్పటికే ఆమె దగ్గర ఇద్దరు ముగ్గురు మైకులు పెట్టి వెళ్లారు. "ఎలా ఫీలవుతున్నారు?" అని అడిగారట. "ఏం ఫీలవుతాం బాబూ, అంతా పోయింది" అని అందరికీ అదే చెప్పింది.

నేను పక్కన మెట్టు మీద కూర్చుని వేరే అడిగాను. "నీళ్లు గడప దాటినప్పుడు ముందు చేతిలోకి ఏం తీసుకున్నారమ్మా?"

ఆమె పరుపు వదిలేసి నా వైపు తిరిగింది. "మా అబ్బాయి టెన్త్ సర్టిఫికెట్లు. ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి నెత్తి మీద పెట్టుకుని డాబా ఎక్కాను. తాళిబొట్టు తాకట్టులో ఉంది కాబట్టి దాని గోల లేదు." అని నవ్వింది.

ఆ ఒక్క జవాబులో ఆ ఇల్లు మొత్తం ఉంది. ఫీలింగ్ అడిగితే జనం మనకి కావాల్సిన మాట చెప్తారు. ఏం జరిగింది, ఎప్పుడు, ఎక్కడ నిలబడ్డారు, చేతిలో ఏముంది అని అడిగితే తమ మాట చెప్తారు. అడిగాక నోరు మూసుకోవడం ఇంకా పెద్ద విద్య. జవాబు అయిపోయిందనుకున్నాక ఇంకో మూడు సెకన్లు ఆగండి. అసలు మాట తరచూ అప్పుడే వస్తుంది.

ఇంకోటి. అవతలి వాళ్ల అనుమతి. "వీడియో యూట్యూబ్‌లో పెడతానమ్మా, మీ చుట్టాలు కూడా చూస్తారు, పర్లేదా?" అని విడమరిచి అడగండి. ఆవిడ తాళిబొట్టు మాట వద్దంది. వీడియోలో కత్తిరించేశాను. ఇక్కడ రాయడానికి తర్వాత మళ్లీ ఫోన్ చేసి అడిగాను. "పేరు లేకుండా అయితే రాసుకో" అంది.

అన్నీ కలిపితే మల్టీమీడియా కాదు

మల్టీమీడియా అనగానే వీడియో, ఆడియో, ఫొటో, గ్రాఫిక్ అన్నీ ఒకేచోట కుమ్మరించాలి అనుకుంటారు. 2012 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ 'స్నో ఫాల్' అనే కథనం వేసింది. మంచు చరియలు విరిగిపడిన ప్రమాదం గురించి. చదువుతూ కిందికి వెళ్తుంటే మ్యాపులు కదులుతాయి, వీడియోలు వస్తాయి. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది. ఆ తర్వాత ప్రపంచమంతా దాన్ని కాపీ కొట్టింది. కానీ చాలామంది కాపీ కొట్టింది కదిలే బొమ్మల్ని. అందులో ప్రతి బొమ్మా ఒక ప్రశ్నకి జవాబు. కొండ వాలు ఎంత, ఎవరు ఎటు దిగారు, మంచు ఎటు జారింది అని.

మీరూ అలాగే ఆలోచించండి. ఎక్కడ జరిగింది అనేది ముఖ్యమైతే మ్యాప్. ఎంత పెరిగింది, తగ్గింది అయితే చిన్న చార్ట్. ఎలా చేస్తారు అనేది వీడియో. గొంతులో వణుకు ముఖ్యమైతే ఆడియో చాలు. ఎందుకు జరిగింది అని చెప్పాలంటే మాత్రం కూర్చుని రాయాల్సిందే. నాలుగు పేరాల్లో తేలే సంగతిని ఆరు నిమిషాల వీడియో చేస్తే చూసేవాళ్ల డేటా దండగ.

రాయడం అన్నాను కదా, తెలుగులో ఒక చిక్కుంది. ఇప్పటికీ కొందరు డీటీపీ అలవాటుతో అను ఫాంట్లలో టైప్ చేస్తారు. అది యూనికోడ్ కాదు. ఆ అక్షరాలు కంటికి తెలుగే, సెర్చ్‌కి మాత్రం పిచ్చిగీతలు. ఎంత మంచి వార్త అయినా గూగుల్‌లో దొరకదు. ఫోన్ కీబోర్డుల్లో వచ్చేది యూనికోడే, హాయిగా వాడండి. వీడియో కింద తెలుగు క్యాప్షన్లు తప్పక పెట్టండి. బస్సులో సౌండ్ లేకుండా చూసేవాళ్లకీ, వినపడనివాళ్లకీ అవే ఆధారం. అయితే యాప్ ఆటోమేటిక్‌గా రాసిచ్చింది నమ్మి వదిలేయకండి. ఒకసారి నా నేతన్న వీడియోలో పడుగు కాస్తా పిడుగు అయిపోయింది. "పిడుగు సరిచేసుకోవడానికి రెండు రోజులు పడుతుంది" అని కింద క్యాప్షన్. కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు.

పెట్టకూడనివి

తెలిసీ తెలియక చాలామంది చేసే తప్పు ఇది. లైంగిక దాడికి గురైనవాళ్ల పేరు గానీ, వాళ్లని గుర్తుపట్టే ఏ వివరం గానీ బయటపెట్టడం నేరం. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 72 ఆ సంగతే చెప్తుంది. 2024 జులై 1కి ముందు అది ఐపీసీలో 228ఎ. కేసుల్లో ఉన్న పిల్లల విషయంలో జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 కూడా అలాగే ఆపుతుంది. ముఖం మసక చేశాం కదా అంటే సరిపోదు. వీధి పేరు, తండ్రి పేరు, ఇంటి గేటు రంగు కూడా ఊళ్లోవాళ్లకి చాలు. "అందరూ పెట్టారు కదా" అనేది కోర్టులో పనికొచ్చే మాట కాదు.

ఈ వారం హోంవర్క్

మొదటి రెండు రోజులు ఏమీ పోస్ట్ చేయొద్దు. మీ ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన ఫార్వర్డ్‌ల్లో మూడు తీసుకుని అసలు ఎక్కడివో వెతకండి. మూడో రోజు మీ వీధిలో పని చేసుకునే ఒకరి దగ్గరికి వెళ్లండి. చెప్పులు కుట్టే ఆయనో, ఇస్త్రీ బండి ఆవిడో. అనుమతి అడిగి ఐదు షాట్లు తీయండి. నాలుగో రోజు ఆవిడతో మాట్లాడి ఆడియో మాత్రమే రికార్డ్ చేయండి. ఐదో రోజు ఒక నిమిషానికి ఎడిట్ చేయండి. ఆరో రోజు క్యాప్షన్లు. ఏడో రోజు ముందు ఆమెకే చూపించండి. ఆమె ఏదైనా తప్పని చెప్తే దిద్ది, అప్పుడు పోస్ట్ చేయండి.

పోస్ట్ చేశాక కూడా తప్పు తేలితే? గుట్టుగా డిలీట్ చేయకండి. ఎక్కడ తప్పు రాశారో చెప్పి, సరైంది ఏంటో అక్కడే రాయండి. ఆ రోజు పొద్దున నేను బ్రిడ్జి వార్త తీసేసి చేతులు దులుపుకున్నాను. సవరణ వేయలేదు. అంటే, ముందు రాత్రి చదివినవాళ్లలో ఎంతమంది ఇంకా చుట్టూ తిరిగి వెళ్లారో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పు రాసినదానికంటే ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

శ్రీకాకుళం చెల్లికి ఈ హోంవర్క్ ముందే పంపాను. నిన్న రాత్రి పగిలిన స్క్రీన్ ఫోన్‌తో తీసిన నిమిషం వీడియో పంపింది. వాళ్ల వీధిలో ఇస్త్రీ బండి. బొగ్గుల మీద నీళ్లు చిలకరించిన చప్పుడు మహా బాగా వచ్చింది. మూడో షాట్ కాస్త కదిలింది. "ఆవిడకి చూపించావా?" అని అడిగాను. "చూపించాను అన్నా. రేటు తప్పు చెప్పానంది. మార్చాను."

ఇక ఆ పెద్దాయన సంగతి. ఆయన నంబర్ నా ఫోన్‌లో 'బ్రిడ్జి తాత' అని సేవ్ చేసి ఉంది. వాన గట్టిగా పడ్డ రాత్రి ఆ వాగు గురించి ఏ వీడియో వచ్చినా ముందు ఆయనకే ఫోన్ కొడతాను. ఎంత రాత్రయినా లేచి, టార్చి పట్టుకుని బయటికొచ్చి చూసి చెప్తారు. మొన్నటి వానల్లో ఫోన్ చేస్తే ఎత్తింది ఆయన కాదు, ఒక చిన్నపిల్ల గొంతు.

"తాత బ్రిడ్జి చూడనీకి పోయిండు. లైన్‌ల ఉండు."

ఉన్నాను.